టీ గ్లాసు పరీక్ష

నేను ఒక అరచేతంత పలకను. అయినా నాలుగు మండలాల మోటార్లకు చదువు చెప్పిన పంతుల్ని. నవ్వకండి. జెర్రిపిల్లలా కాళ్ళున్న నల్ల చిప్‌ను నాలో గుచ్చి, నన్ను కంప్యూటరుకు తగిలిస్తే, "ఇంతసేపు తిరుగు, ఇంతసేపు ఆగు" అని దాని బుర్రకెక్కిస్తాను. నన్ను ప్రోగ్రామర్ అంటారు.

భీమవరం అవతల ఒక సెంటరులో రిపేరు కొట్టు నడిపే ఇశ్రాయేలు మేస్త్రి నన్ను తయారు చేశాడు. పాత టేప్‌రికార్డరు ట్రాన్స్‌ఫార్మరు, చచ్చిన టీవీలోంచి పీకిన ముక్కలు, ఇదీ నా వంశం. మొదటిసారి స్విచ్చి వేయగానే పొగ వదిలాను. మేస్త్రి దాన్ని దీవెన అన్నాడు. నేను చదువు చెప్పిన పంపు ఒకటి కాలువ మొత్తం తోడేసి, దాహం తీరక పక్క ఊరి కాలువ అడిగిందట. నమ్మితే నమ్మండి.

నా జబ్బు కూడా చెబుతాను. చిప్ మీద రాయడానికి పదమూడు వోల్టులు కావాలి. కరెంటు నీరసించినా, నాలో అతుకు వదులైనా నాకు పన్నెండే అందుతాయి. అప్పుడు నా రాత తడి పలక మీద బలపం గీతే. రాసిన వెంటనే చదివితే బాగానే కనిపిస్తుంది, వేడి తగిలితే పోతుంది. అది మేస్త్రికి తెలుసు. అందుకే పొగలు కక్కే టీ గ్లాసు మీద మూత పెట్టి, మూత మీద చిప్ ఉంచి, వేడెక్కాక మళ్ళీ చదివించేవాడు. టీ చల్లారాక తప్ప ఎప్పుడూ తాగి ఎరగడు.

ఒక మబ్బు మధ్యాహ్నం సోమరాజు గారు బండి ఆపకుండానే కేకేశారు. ఆయన రొయ్యల చెరువులో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు నడిపే పెట్టె చిప్ పోయింది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి పది రోజులే ఉంది.

"రొయ్యలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి మేస్త్రీ. తొందరగా కానీ."

"టీ రానియ్యండి రాజుగారూ."

"నువ్వు టీ తాగేలోపు నేను చెరువులో దూకాలి."

మేస్త్రి రెండు చిప్‌లు రాశాడు, ఒకటి పెట్టెకు, ఒకటి అదనం. పన్నెండే అందుతున్నాయని నా ఎర్రదీపం మినుకు మినుకుమంది. నోరు లేనివాడి బాధ పగవాడికి వద్దు. కంప్యూటరు మాత్రం బాగుందంది. రాజుగారు ఒకటి లాక్కుని వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చింది టీ. మేస్త్రి ఊరుకోలేక అదనపు చిప్‌ను మూత మీద పెట్టాడు. మళ్ళీ చదివిస్తే సగం ఖాళీ. మోటారు పక్కన వేడెక్కే రేకు పెట్టెలో రాజుగారు పట్టుకెళ్ళినదాని గతీ అంతే. మేస్త్రి నన్ను తిరగేసి ఊడిపోతున్న అతుకుకు సీసం పోసి, మళ్ళీ రాసి, మళ్ళీ కాచి, ఆ చిప్‌ను సిగరెట్టు పెట్టె వెండికాగితంలో చుట్టుకుని మోపెడ్ ఎక్కాడు.

నేను బల్ల మీదే ఉండిపోయాను. ఆ రెండు గంటలు నాలో ఒక్క తీగ కుదురుగా లేదు.

వెళ్ళేసరికి చక్రాలు ఆగి పావుగంట అయిందట. మూలన గంపెడు రొయ్యలు చచ్చి తేలాయి, మిగతావి బతికాయి. ఆ కథ మేస్త్రి చెప్పిన ప్రతిసారీ రొయ్యలు జానెడు పెరిగేవి.

ఆ భయంతోనే కంపెనీ ప్రోగ్రామర్ కొన్నాడు. నన్ను బిస్కట్ల డబ్బాలో పడేశాడు. నాకు కోపం లేదు. నా మీద నమ్మకం లేక ప్రతిదీ కాచి చూసినవాడు, దాన్ని నమ్మి టీ వేడిగా తాగేస్తున్నాడు. నా కలవరమంతా అదే.

ఈ ఉదయం సోమరాజు గారి గొంతు వినిపించింది. రెండో చెరువుకు చిప్ కావాలట.

"గ్లాసు మీద పెట్టావా?"

"ఇది కంపెనీదండి."

"కంపెనీకి చెరువుందా? చెరువు నాది. టీ చెప్పు."

కాసేపటికి స్టీలు మూత మీద టిక్కుమన్న చప్పుడైంది. కంప్యూటరు చదువుతోంది. డబ్బాలో నేను చెవి రిక్కించుకుని ఉన్నాను.