పద్నాలుగో ప్రశ్న మింగిన పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. రేకు అనగానే పువ్వు అనుకునేరు, అంత సుకుమారం నాకు లేదు. విశాఖపట్నంలో ఒక పనివాడు ఖాళీ నూనె డబ్బాను కత్తిరించి, మడిచి, సుత్తితో బాది నన్ను చేశాడు. అయితే నా లోపలి గోడ మీద డబ్బా తాలూకు పొద్దుతిరుగుడు బొమ్మ సగం మిగిలిపోయింది కనుక, నేను బొత్తిగా పువ్వును కాననడానికీ వీల్లేదు. పైన నోరు, కింద తలుపు, దానికో తాళం. తాళమైతే ఉంది గానీ రాగమే లేదు.

మొదట బస్సు డిపోలో ఫిర్యాదుల పెట్టెగా వేలాడాను. ప్రయాణికులు ఫిర్యాదులు కండక్టరుకే నోటితో చెప్పేసి, నా నోట్లో టికెట్టు ముక్కలు వేసేవారు. తర్వాత ఒక విశ్వవిద్యాలయం వాళ్లు నన్ను కొని, మగపిల్లల హాస్టల్లో ఇరవై ఏడో నంబరు గదికి ఎదురుగా మేకుకు తగిలించి, ‘సలహాలు’ అని రాశారు. మూడేళ్లు సాంబారు మీద సలహాలే తిన్నాను. ‘అందులో ముక్క కనబడితే మొక్కుకుంటాం’ అని ఒకడు రాశాడు. ఆ మొక్కు తీరే అవకాశం రాలేదు.

ఒకనాడు మనస్తత్వశాస్త్రం చెప్పే హైమావతి మేడమ్ వచ్చి నా కడుపు ఖాళీ చేయించారు. ఆ హాస్టల్లో ఏడు దేశాల పిల్లలుండేవారు. మగవాణ్ని ప్రేమించే మగవాడి గురించీ, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల గురించీ, పుట్టగానే తగిలించిన ఆడ, మగ గుర్తులో ఇమడని మనిషి గురించీ ఏ దేశపు కుర్రకారు ఏమనుకుంటున్నారో ఆవిడకు తెలియాలి. “పేరు రాయొద్దు. దేశం ఒక్కటే రాయండి. నిజం రాయండి,” అని ఇంగ్లీషులో ఇరవై ప్రశ్నల కాగితాలు పంచారు.

అన్నింటికీ గడగడా టిక్కులు పెట్టిన కలాలు పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగేవి. ‘అలాంటి విద్యార్థితో ఒకే గదిలో ఉండటానికి మీకు అభ్యంతరం ఉందా?’ నాకు లేదు గానీ మా అమ్మకు ఉంటుందని ఒక గుంటూరు అబ్బాయి. నాకు లేదు గానీ ఇక్కడి వాళ్లేమనుకుంటారోనని ఒక నేపాలీ. మా ఊళ్లో ఆ మాటే పైకి అనరని ఇంకొకడు. ఏడు దేశాల మర్యాదస్తులూ తమ అభ్యంతరాన్ని పక్కవాడి భుజం మీద ఎంత ఒద్దికగా పెట్టారో!

దాపరికం లేకుండా రాసింది తెస్ఫాయె. ఇథియోపియా నుంచి వచ్చి ఇరవై ఏడో గదిలో ఉండేవాడు. మెస్సు వరసలో నిలబడి తెలుగు నేర్చుకున్నాడు. నేర్చిన మొదటి మాట ‘బావా’. వార్డెన్నీ బావా అనే పిలిచేవాడు. ‘ఉంది’ అన్నచోట కాగితం చిరిగేలా టిక్కు పెట్టి, కింద ‘మా ఇంట్లో ఇలాగే నేర్పారు’ అని రాశాడు.

అదే గదిలో ఉండే పైడిరాజుది గజపతినగరం. తెస్ఫాయె పెట్టిన కాఫీ తాగనిదే అతనికి తెల్లవారదు. ఆ పైడిరాజు కాగితాన్ని నా వీపుకే ఆనించి పూర్తిచేశాడు. చివర ఖాళీలో ‘నేనే అలాంటివాణ్ని. నా రూమ్మేటుకి తెలిస్తే గది మారిపోతాడు’ అని రాసి, నా నోట్లో వేసి, మెట్ల దాకా వెళ్లి కొయ్యబారిపోయాడు.

ఎందుకంటారా? మన పిల్లల చేతికి ఏ కాగితమిచ్చినా ముందు ఎడమపక్క మార్జిన్ గీస్తారు, కుడిపక్క పైన హాల్ టికెట్ నంబరు వేస్తారు. పదో తరగతి నుంచి పట్టిన అలవాటు. పేరు రాయని పైడిరాజు నంబరు వేసేశాడు!

పరుగున వచ్చి వేళ్లు దూర్చాడు. నా అంచు గీసుకుని రక్తం వచ్చింది. చీపురుపుల్లకు జిగురు రాసి దింపుతుండగా అటెండరు అప్పలకొండ చూశాడు.

“ఏటి బాబూ, ఏటి పడిపోనాది?”

“పెన్ను... తాళం ఒకపాలి తీస్తావా?”

“తాళం మేడమ్ గారి కాడుంది. రేపు లెక్కెడతారంట కదా, అప్పుడు నీ పెన్ను నీకిచ్చెత్తాన్లే.”

ఆ లెక్క పెట్టడానికి మేడమ్ ఎంచుకున్న నలుగురిలో తెస్ఫాయె ఒకడు.

మర్నాడు చదువుల గదిలో నా పొట్ట విప్పారు. పది కాగితాల తర్వాత ఆ కాగితం తెస్ఫాయె చేతికే వచ్చింది. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పైడిరాజు ఫోను ఇచ్చేసి బయటికి పోతే, అందులో ఆ నంబరు కొట్టేది తెస్ఫాయే. ఆ అంకెలు అతనికి కంఠతా వచ్చు. కాగితం ఆ చివరి నుంచి ఈ చివరికి చదివాడు. మళ్లీ చదివాడు.

ఇంతలో మేడమ్ మరో కాగితం చూసి తల పట్టుకున్నారు. “పేరొద్దంటే నంబర్లేశారేంట్రా నాయనా! ఇలాంటివి ఇంకా ఉంటాయి. చూడకుండా ఆ మూలలు చింపేయండి.”

అప్పటికే చూసేసిన తెస్ఫాయె చింపాడు. ఆ చిన్న ముక్కను నా లోపలి అతుకు సందులో దూర్చాడు. కాగితాన్ని దొంతరలో కలిపేశాడు. తన పాత కాగితం అందులోనే, ‘అభ్యంతరం ఉంది’ వైపు లెక్కలోకి పోయింది.

నన్ను మళ్లీ మేకుకు తగిలించారు. మూడు రోజులు ఆ గదిలోంచి కాఫీ వాసన వచ్చింది గానీ కబుర్లు రాలేదు. అది గది మార్పు దరఖాస్తులు వేసే వారం. అవీ నాలోనే వేయాలి. నాలుగో రోజు తెస్ఫాయె ఒక కాగితం మడిచి నాలో వేసి తరగతికి వెళ్లిపోయాడు. తలుపు సందులోంచి పైడిరాజు చూశాడు. ఆ సాయంత్రమే తన బట్టల పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు, వెళ్లిపొమ్మని చెప్పించుకోవడం ఇష్టంలేక.

మర్నాడు పొద్దున్నే అప్పలకొండ కరెంటు పనివాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. “బాబూ, వార్డెన్ గారు ఈ కాయితం మీద నీ సంతకం కూడా ఎట్టించమన్నారు. సదివి ఎట్టు.”

పైడిరాజు గుమ్మంలో నిలబడి చదివాడు. ‘రూమ్ 27. ఫ్యాను కిర్రుమంటోంది. వచ్చే ఏడాది కూడా మేమిద్దరం ఈ గదిలోనే ఉంటాం. రిపేరు వద్దు, కొత్తది వేయండి.’

సంతకం వంకరగా వచ్చింది. లోపలి నుంచి తెస్ఫాయె కేక వేశాడు. “బావా! నీ బట్టల పెట్టె దారిలోంచి తియ్యి, నిచ్చెన ఎయ్యాలంట. కాఫీ సల్లారిపోతంది.”

మేడమ్ గారి వ్యాసం అచ్చయింది. అందులో తెస్ఫాయె ఇప్పటికీ అభ్యంతరం ఉన్నవాళ్లలో ఒకడు. తర్వాత సలహాలన్నీ ఫోన్లోకి పోయాయి, నన్ను స్టోరు రూములో కాళ్లు విరిగిన మంచాల మధ్య పడేశారు. తుప్పు పడుతున్నాను. సగం పువ్వు పక్కన, అతుకు సందులో, ఒక కాగితపు మూల ఇంకా ఇరుక్కుని ఉంది. దాని మీద నంబరు స్పష్టంగానే కనిపిస్తోంది. అడిగితే మాత్రం చెప్పను. ఆ పనివాడు నాకు నోరు కోసింది లోపలికి తీసుకోవడానికే.