మర్యాద నీళ్ళు

పెళ్ళయి మూడు వారాలైనా భర్త సెలోమ్ చెయ్యి పట్టుకుని వీధిలో నడవడం ఎసినామ్‌కి ఇంకా కొత్తగానే ఉంది. ఆ ఆదివారం పొద్దున కూడా చెయ్యి వదల్లేదు. వాళ్ళుంటున్న గది సెలోమ్ స్నేహితుడిది. నెలాఖరుకి అతను తిరిగొస్తాడు. ఈలోగా కాపురం ఎక్కడో తేలాలి. ఘనా వైపు, అఫ్లావ్‌లో అత్తగారు జిఫా ఒక గది ఖాళీ చేసి ఉంచింది. అరగంట నడిచి సరిహద్దు దాటితే టోగో. అక్కడ లోమేలో ఎసినామ్ మేనమామ కొజోవి మరో గదికి సున్నం కొట్టించాడు. ఇద్దరూ ఒకే రోజు రమ్మన్నారు. సెలోమ్ ఇద్దరికీ తలూపాడు. ఎవరికైనా కాదని చెప్పడం అతనికి చేతకాదు.

ముందు అఫ్లావ్. గుమ్మంలోనే అత్తగారు ఫ్యాక్టరీ నీళ్ళ ప్లాస్టిక్ పొట్లం చేతిలో పెట్టింది. వచ్చినవాళ్ళకి ముందు నీళ్ళు, తర్వాతే కబురు. ఆ నీళ్ళు వద్దంటే ఇంటినే వద్దన్నట్టు. ఎసినామ్ మూల కొరికి చల్లగా తాగేసింది. ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, ఐసులా ఉన్నాయి. కరెంటుంటేనే కదా ఇలా! మీ లోమేలో ఏముందే అమ్మాయ్, పొడుగు రొట్టె తప్ప? ఇక్కడ బడి ఉంది, ఆస్పత్రి ఉంది, నోరు విప్పి మాట్లాడే స్వేచ్ఛ ఉంది."

"నిజమే అత్తయ్యా. దొడ్డి ఎటువైపు?"

జిఫా ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది. పద్నాలుగు గదుల లోగిలికి ఒకటే మరుగుదొడ్డి. అది నిండిపోయి రెండు నెలలైంది. ఆవిడ తలుపు వెనక నుంచి నల్ల ప్లాస్టిక్ సంచీ తీసి కోడలి చేతిలో పెట్టింది.

"సముద్రం ఒడ్డుకి పోయిరా తల్లీ. ఇంకా జనం పల్చగానే ఉంటారు."

ఒడ్డున ఇసుక కనపడలేదు. పొట్లాల తొక్కలు, కట్టిన నల్ల సంచులు, కట్టని కుప్పలు, వాటి మీద ఈగలు. బోర్లించిన పడవ చాటున ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎసినామ్‌ని చూసి పలకరింపుగా నవ్వి, కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ చోటిచ్చాక ఎసినామ్ అక్కడ నిలవలేకపోయింది. వచ్చిన పని మానుకుని వెనక్కి తిరిగింది. చెప్పు కింద ఏదో మెత్తగా జారింది.

"అలవాటైపోతుందిలే," అన్నాడు దారిలో ఎదురుచూస్తున్న సెలోమ్, ఆమె చెప్పు మట్టికి రాస్తూ.

"అలవాటు కాకూడదనే నా భయం," అంది. అతను పట్టుకోబోయిన చెయ్యి మొదటిసారి వెనక్కి తీసుకుంది.

సరిహద్దు దాటాక సెలోమ్ పొడుగు రొట్టె కొన్నాడు. పొయ్యిలోంచి అప్పుడే తీసింది. విరిస్తే పొగలొచ్చాయి. తుంచి ఆమె నోట్లో పెట్టాడు. ఎసినామ్ ఎంత బిగబట్టినా నవ్వొచ్చేసింది. రొట్టె అయిపోయేదాకా లోకం బాగానే ఉంది.

కొజోవి మావయ్య వీధి చివరికే ఎదురొచ్చాడు. "రా అల్లుడూ రా! ఆ మురికిలోంచి బయటపడ్డారు. ఇది చూడు వీధంటే, సిమెంటు పలకలు! అక్కడ మనిషన్నవాడు సముద్రంలో... ఛీ! మాది అలా కాదు. ఇంట్లోనే మరుగుదొడ్డి గొయ్యి, ఇంట్లోనే బావి."

వారం రోజులుగా వాన. పెరడంతా నీళ్ళు నిలిచి పచ్చగా నురగలు కక్కుతున్నాయి. గొయ్యి మీద రేకు తేలుతోంది. దానికి నాలుగడుగుల్లో బావి. మావయ్య భార్య అబ్లా బావిలో చేదేసి, సొరకాయ బుర్ర నిండా నీళ్ళు తెచ్చి ఇద్దరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుంది. బుర్రలో తెల్లటి పురుగొకటి మెలికలు తిరుగుతోంది. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

సెలోమ్ బుర్ర అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. మర్యాదస్తుడు మరి. ఎసినామ్ చప్పున లాక్కుని నేల మీద ఒంపేసింది.

"పూర్వీకులకి తర్పణంగా నేల మీద పోశావా?" మావయ్య గుడ్లురిమాడు. "ఆ పని పెద్దలది. ఆడపిల్లవి, నీకేం హక్కుంది?"

"వాళ్ళకి కూడా కాదు మావయ్యా. వాళ్ళూ తాగకూడదు. ఈ నీళ్ళల్లో గొయ్యి ఉంది."

"ఘనా గాలి సోకింది దీనికి! మాకేం తక్కువే? నీ అత్త పోసే ఫ్యాక్టరీ నీళ్ళకన్నా..."

"ఆ నీళ్ళ పొట్లాలే మన మంచం కింద ఉన్నాయి," అంది అబ్లా, తలెత్తకుండా. "సరిహద్దు నుంచి నేనే మోసుకొస్తా. మీరూ అవే తాగుతున్నారు. బావివి చుట్టాలకే."

కొజోవి పళ్ళు కొరికాడు. ఎసినామ్ చేతిలోంచి బుర్ర లాక్కుని, బావి దగ్గరికి పోయి, తనే చేదేశాడు. ముగ్గురి కళ్ళూ అతని మీదే. "మా దేశపు నీళ్ళకేం లోటు?" అంటూ గటగటా తాగేశాడు. గడ్డం మీద జారిన చుక్కలు అరచేత్తో తుడుచుకుని గర్వంగా చూశాడు.

ఎసినామ్ గోడ వెనక్కి పరిగెత్తింది. తిన్న రొట్టె మొత్తం బయటికొచ్చేసింది. వెనక నుంచి ఎవరో జడలు పట్టుకున్నారు. సెలోమ్. ఈసారి ఆమె ఆ చెయ్యి వదిలించుకోలేదు.

"మావయ్యగారూ," అన్నాడు జడలు వదలకుండానే, గోడ మీదుగా, ఎన్నడూ లేనంత గట్టిగా. "మేం ఇక్కడ ఉండం. అమ్మ దగ్గరా ఉండం. అమ్మకి ఈ మాట నేనే చెప్తా."

"అంటే ఏ దేశం బాగుందంటావు?" గోడ అవతల నుంచి మావయ్య పట్టు వదల్లేదు. ఆపైన ఒక్క పెద్ద తేన్పు.