నీళ్ళు మానేసిన ప్రయాణం

ఆయనకి ఫ్లాస్కు నిండా టీ పోసి మూత బిగించాక, గిన్నెలో తనకని మిగిలిన టీని సింకులో ఒంపేసింది. టీ అంటే ఆమెకు ప్రాణం. కానీ ముందున్నది ఆరు గంటల కారు ప్రయాణం. నిన్న సాయంత్రం నుంచే నీళ్ళు మానేసింది. నాలుక అంగిటికి అంటుకుపోతున్నా పొద్దున ఓ గుక్క పుక్కిలించి ఉమ్మేసింది తప్ప మింగలేదు. సముద్రం పక్కనే సాగే ఆ దారి అందం గురించి ఆయన నెల రోజులుగా చెబుతున్నాడు. ఆమె నెల రోజులుగా ఆలోచిస్తున్నది ఒక్కటే, మధ్యలో దిగనిస్తాడా లేదా అని.

"ఆపేది లేదు," అన్నాడు బెల్టు పెట్టుకుంటూ. "మా ఆఫీసువాడు ఆరు గంటల్లో చేరాడట. మనం ఐదున్నరలో కొట్టాలి. పన్నెండుకల్లా భోజనానికి వస్తామని అక్కడ మా చుట్టాలకి చెప్పేశాను. నువ్వు వెళ్ళొచ్చావుగా?"

రెండుసార్లు వెళ్ళొచ్చింది. అయినా ఇంటి తలుపు వైపు ఇంకోసారి చూసింది.

బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందర్నీ ప్రయాణాలకి పంపిస్తోంది. అక్కడ ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి మేనేజరు సొరుగులో ఉంటుంది. నలుగురి ముందూ వెళ్ళి చెయ్యి చాపాలి. "మళ్ళీనా అమ్మా?" అంటాడు, నవ్వుతూనే. ఆ నవ్వుకి జడిసి రోజుకి ఒక్కసారితో సరిపెట్టుకోవడం నేర్చుకుంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. మనిషి సరే, మూత్రపిండాలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పోయిన ఏడాది చలిజ్వరం, మంట, నెత్తురు, ఆసుపత్రిలో ఐదు రోజులు. "ఇంకోసారి ఇలా వస్తే కిడ్నీ దెబ్బతింటుంది. నీళ్ళు బాగా తాగాలి, ఆపుకోకూడదు," అంది డాక్టరమ్మ. "ఎంత చెప్పినా తాగదండీ, ఒట్టి మొండి," అన్నాడు పక్కనున్న భర్త. డాక్టరమ్మ నవ్వింది, నర్సు నవ్వింది. తనూ నవ్వింది. ఎందుకు నవ్వానా అని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

రెండు గంటలు గడిచేసరికి పొత్తికడుపు బరువెక్కింది. కుడివైపు కొండ, ఎడమవైపు లోతున నీలం. దూరంగా పెట్రోలు బంకు కనిపించగానే ప్రాణం లేచొచ్చింది.

"ఏమండీ, ఆ బంకు దగ్గర ఒక్క నిమిషం..."

"ట్యాంకు నిండుగానే ఉందిగా."

"అందుక్కాదు."

"ఓహో. ఇంకో అరగంట ఓర్చుకో. ఇప్పుడే మంచి ఊపు మీద ఉన్నాం."

బంకు వెనక్కి వెళ్ళిపోయింది. అది అద్దంలో కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత ఒక హోటలు బోర్డు, ఒక బడి, ఇంకో బంకు. ఒక్కోదాని దగ్గరా మాట నోటిదాకా వచ్చింది, ఒక్కోసారీ మింగేసింది. ఒకసారి అడిగితే అవసరం, రెండోసారి అడిగితే సతాయింపు. ఆ లెక్క ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆపేది లేదన్న మనిషి కొండ మలుపులో తనంతట తనే బండి ఆపాడు. ఫోటోల కోసం. ఆమె గబగబా దిగి చుట్టూ చూసింది. బస్సు నిండా వచ్చిన జనం రెయిలింగు పట్టుకుని సముద్రం చూస్తున్నారు. చాటు అన్నది లేదు. ఆయన మాత్రం అటు ఒక బండరాయి దాకా నడిచి, జనం వైపు వీపు తిప్పి, నిమిషంలో ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు.

"హాయిగా ఉంది కదూ గాలి! అలా నించో, ఫోటో తీస్తాను. నవ్వు. సముద్రం ముందు ఆ ఏడుపు మొహమేంటి?"

నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడేది.

కారెక్కాక అత్తగారు గుర్తొచ్చింది. "మీ మామగారితో ఇరవై ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆపమనలేదు," అని మెడల్ గెలిచినట్టు చెప్పేది ఆవిడ. ఆవిడే చివరి రెండేళ్ళూ కిడ్నీలు పాడై ఆసుపత్రి మంచానికీ ఇంటి మంచానికీ మధ్య తిరిగింది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని గీత గీసిన సీసా పక్కన పెట్టేవాళ్ళు. "ఇంకొక్క గుక్క ఇయ్యవే," అని కోడల్ని బతిమాలేది. ఇవ్వకూడదు కాబట్టి ఈమె ఇచ్చేది కాదు.

దారి మధ్యలో ఒక పట్నం పొలిమేర వచ్చింది. రంగురంగుల గొడుగులు, పాటలు, బీచికి పోయే జనం. రోడ్డు తవ్వి ఉండటంతో బళ్ళన్నీ బారుగా నిలిచిపోయాయి. ఆయన స్టీరింగు మీద దరువేస్తూ గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు ఆమె వెన్నులోంచి సన్నగా వణుకు పాకింది. ఎండ మండుతుంటే చలి. ఆ చలి ఆమెకి తెలుసు. పోయిన ఏడాది మొదలైంది అలాగే.

బెల్టు తీసి తలుపు తెరిచింది.

"ఎక్కడికి? లైను కదిలితే?"

"కదిలితే మీరు వెళ్ళండి."

రోడ్డు పక్కన ఒక టైలరమ్మ దుకాణం. మిషను తొక్కుతున్న ఆవిడ తలెత్తి ఈమె మొహం చూసింది. మిషను ఆపింది.

"వెనకాల, ఎడం పక్క. గడియ సరిగ్గా పడదమ్మా, నేను బయట నించుంటాలే."

ఆ మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంటతో పళ్ళు బిగబట్టి, చాలాసేపటికి బయటికొచ్చేసరికి టైలరమ్మ తలుపుకి ఆనుకుని అలాగే నిలబడి ఉంది. చేతిలో గ్లాసు.

ఆమె గ్లాసు అందుకుని ఆగిపోయింది. ఇంకా గంట పైనే దారి. ఇది తాగితే మళ్ళీ అడగాలి. వాళ్ళింటికి వెళ్ళగానే గుమ్మంలోనే అడగాలి. రేపు వెనక్కి వచ్చేప్పుడు అడగాలి. ఎల్లుండి మేనేజరు ముందు చెయ్యి చాపాలి. బయట ఆయన హారను మోగుతోంది. గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు చాపి, "ఇంకో గ్లాసు ఇస్తావా అక్కా?" అంది.

ఆయన యాభై గజాల ముందు కారు పక్కకి తీసి నిలబెట్టుకుని ఉన్నాడు. "నీవల్ల ఎన్ని బళ్ళు దాటిపోయాయో తెలుసా? పన్నెండు ఎప్పుడో దాటింది. వాళ్ళకి ఏమని చెప్పను?"

"నాకు ఒంట్లో బాలేదని చెప్పండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి." బెల్టు పెట్టుకుంది. "నాలుగు గ్లాసుల నీళ్ళు తాగొచ్చాను. అరవై కిలోమీటర్లు పోయాక అడిగినా సరే, ఆరు పోయాక అడిగినా సరే, నేను అడిగినప్పుడు ఆపాలి. ఎక్కడ ఆపుతారో ఇప్పట్నుంచే చూసుకోండి."

ఆయన గేరు మార్చాడు. బండి కదిలింది. కాసేపటికి ఆయన కళ్ళు గడియారం వదిలి, రోడ్డుకి రెండు పక్కలా కంగారుగా వెతకడం మొదలుపెట్టాయి.