వెనక్కి తెరుచుకున్న తలుపు

మెదక్‌లో చర్చి వెనుక వీధిలో ఉన్న జయానందం గారి ఇంట్లో ఎవరైనా ఒకే దారిన నడవవలసిందే. వీధి గుమ్మంలోంచి కుడివైపు మీది గది, అక్కడినుంచి కింది గది, ఆపైన గాలి పీల్చుకోవడానికి పెరడు. పెరటిలోంచి ఎడమవైపు మీది గది, చివరికి గోడలు మరీ మందమైన కింది గది, అక్కడినుంచి బజారు. నడిమి గోడకు సందన్నది లేదు. ఇంటి పెద్ద గుండెతో పాటే తెరుచుకొని మూసుకునే ఆ తలుపులు దాటినవారిని వెనక్కి రానివ్వవు. చెప్పులు మరిచిన చుట్టాలు మళ్లీ బజారు చుట్టి రావాలి. పాలు పోసే భాగ్య, "యేసమ్మా, మీ ఇంటికొస్తే నాకు వాకింగ్ ఫిరీ," అని నవ్వేది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక జయానందం గారి భార్య యేసమ్మ చాయ కప్పులతో ఎడమ కింది గదిలోకి వెళ్లింది. చక్కెర వేయలేదన్న తొందరలో గిర్రున వెనుదిరిగింది. తలుపు తెరుచుకుంది. ఆమె మీది గదిలో నిలబడి ఉంది. చేతిలోని కప్పులు ఎప్పుడు జారాయో తెలియదు.

బడిలో సైన్సు చెప్పే కోడలు పెర్సిస్ తెల్లబోయింది.

"అత్తమ్మా, మేము పిల్లలకు గుండెల కవాటం అని చెప్పేది గిదే. నెత్తురు ముందటికే పోవాలె, ఎనుకకు రావొద్దు. మామయ్యను జల్ది దవాఖానకు తీస్కపోదాం."

తనకేమీ కాలేదని జయానందం గారు ఎంత వాదించినా ఎవరూ వినలేదు. కొడుకు గిడియోన్ ఆయనను చక్రాల కుర్చీలో దవాఖాన లోపలికి తోస్తూ, ఈ బండికి పెట్రోలు ఖర్చు లేదని పరాచికాలాడాడు.

స్కానింగు చేసిన డాక్టరు, కవాటాలన్నీ సక్రమంగా మూసుకుంటున్నాయన్నారు. అందరూ తేలికపడ్డారు. యేసమ్మ మాత్రం కదలలేదు. మొన్న ఈస్టరునాడు పాస్టరు గారు ప్రార్థన చేయగా, భర్త తాళంచెవులు గిడియోన్ చేతిలో పెట్టి, ఇక ఇంటికి పెద్దవు నువ్వేనన్న మాట ఇప్పుడామెకు గుర్తొచ్చింది.

"డాక్టరు సాబ్, జర మా పిలగాని గుండె గూడ చూడుండ్రి."

"నాకేమైందే అమ్మా? నిన్ననే వాలీబాల్ ఆడిన," అని గిడియోన్ నవ్వాడు.

డాక్టరు కూడా నవ్వుతూనే అతని ఛాతీకి స్టెతస్కోపు ఆనించారు. ఆ నవ్వు ఆగిపోయింది. స్కానింగు చూసి, గుండె ఎడమ గదుల నడిమి కవాటం మూసుకోవడం లేదని, నెత్తురు వెనక్కి మళ్లుతోందని, ఇవాళే హైదరాబాదు తీసుకుపోవాలని, అంతవరకూ ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వవద్దని చెప్పారు.

జయానందం గారు కుర్చీలోంచి లేచారు. కొడుకును భుజాలు పట్టి అందులో కూర్చోబెట్టి, వెనుకకు వెళ్లి పిడులు అందుకున్నారు.