కావేరి చెవి పరీక్ష

మా ఇచల్‌కరంజి మరమగ్గాల షెడ్డులో ఎంత అరిచినా ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే అందరం పెదాలు చూసి మాట్లాడుకుంటాం. మా చెల్లెలి కూతురు కావేరికి పదహారో ఏట ఆ విద్య నేర్పింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలుగా కావేరి చెవుల్లో ఈల ఆగడం లేదు. ఉన్న వినికిడి కూడా పోకముందే దాన్ని మగ్గం దగ్గర్నుంచి తీసి బట్టలు మడతపెట్టే గదిలో వేయమని యజమాని మగ్దుమ్‌ను అడిగాను. "డాక్టరు రాసిస్తే చూద్దాం" అన్నాడు. డాక్టరును పిలిపించింది కూడా ఆయనే.

ఆఫీసు గదిలో డాక్టరు కావేరి చెవిలోకి లైటు వేసి చూశాడు. "కర్ణభేరి శుభ్రంగా ఉంది" అన్నాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి గుసగుసగా ఏదో అడిగాడు.

"జొన్న భాకరీ రొట్టె, మిరప ఠేచా పచ్చడి తిన్నా సాహెబ్" అంది కావేరి టక్కున.

"గుసగుస కూడా వింటోంది! నిక్షేపంలాంటి చెవులు" అంటూ కలం తీసి అదే రాసేశాడు.

మగ్దుమ్ పళ్లికిలించాడు. "ఏం వత్సలక్కా? పని ఎగ్గొట్టడానికి మంచి సాకే దొరికింది మీ పిల్లకి!"

నా ఒళ్లు మండిపోయింది. ఈ వెర్రిదేమో పరీక్ష పాసైనట్టు మురిసిపోతోంది! బల్ల మీది ఫైలు లాక్కుని డాక్టరు నోటికి అడ్డం పెట్టాను.

"ఇప్పుడడగండి సాహెబ్! అదే గొంతుతో!"

ఆయన గొంతు కదిలింది. కావేరి నవ్వుతూ నిలబడే ఉంది. మళ్లీ కదిలింది. అదే నవ్వు. మగ్దుమ్ మొహంలో మాత్రం నవ్వు పోయింది.

"చూశారా? ఇంత చదివారే! మగ్గాల ఊళ్లో మూతి చూపిస్తూ చెవి పరీక్షలా?"

డాక్టరుకి ఇంకా కాస్త సిగ్గు మిగిలుంది. రాసింది కొట్టేసి, మడతల గదికి మార్చమని రాశాడు. తర్వాత కావేరి ఎదురుగా కూర్చున్నాడు.

"నేను లైటు వేసి చూసింది చెవి వాకిలేనమ్మా. లోపల నత్తగుల్లలాంటిది ఒకటుంటుంది. దాంట్లో సన్నటి వెంట్రుకలు కదిలితేనే మనకు వినపడుతుంది. మోతకు నీవి చాలా చచ్చిపోయాయి."

"మళ్లీ ఎప్పుడు మొలుస్తాయి సాహెబ్?"

ఆయన నా వైపు వంగి, దానికి కనపడకుండా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, నాకొక్కదానికే ఏదో చెప్పాడు.

నాకేమీ వినపడలేదు.

కోపమూ భయమూ ఒక్కసారే వచ్చాయి. ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాను. "మొహం చూపించి చెప్పు!"

"మొలవవు" అన్నాయి ఆయన పెదాలు. ఇద్దరం చూశాం.