వచ్చే నెల లేస్తుంది

బావమరిదితో వచ్చిన చిక్కల్లా వాడు మంచివాడు కావడమే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. ఇలా అనుకుంటూనే బోర్డుబావ నెలాఖరు పనిలో పడ్డాడు. వీధివీధికీ తిరిగి, 'ఇల్లు అమ్మబడును' బోర్డుల మీది దుమ్ము తుడవాలి. ఇళ్లమ్మకాల ఆఫీసు బావమరిదిది. అందులో బోర్డులు పాతడం, ఇల్లు అమ్ముడయ్యాక పీకడం బావగారి పని. కొంతకాలంగా పీకేపని తగ్గింది.

సుత్తి దెబ్బలకు బొటనవేలి గోరు పెళ్లినాటికే గుల్లబారింది. ఈ మనిషి ఖాళీగా కూర్చునే రకం కాదని, ఆ గోరు చూసే భార్య ఒప్పుకుందట. మొదటి ఆదివారానికే అభిప్రాయం మార్చుకుంది. ఇప్పుడు మోకాళ్లు కూడా కలుక్కుమంటున్నాయి. అయినా అక్కమొగుడే మానేస్తే బావమరిది పరువేం కాను?

ఆఫీసు గోడమీద నెలనెలా గీసే అమ్మకాల గీత రెండేళ్లుగా కిందచూపులే చూస్తోంది. ఒక నెల వానలన్నాడు బావమరిది, ఒక నెల పరీక్షలన్నాడు, ఏ కారణమూ దొరకని నెల "జనం ఆలోచిస్తున్నారు" అన్నాడు. ఇళ్లు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లందరినీ ధర తగ్గమని బుజ్జగించేవాడు. అమ్మకానికి పెట్టిన తన ఆఫీసు భవనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైసా దిగలేదు. అది అమ్ముడైతే వ్యాపారం ఇంటి ముందుగదిలోకి మారుతుంది, బావ సుత్తి దించుతాడు, ఇదీ ఇద్దరి ఒప్పందం.

మధ్యాహ్నం ఆ భవనం కోసం బ్రెడ్డు కాల్చే దంపతులు మూడోసారి వచ్చారు.

"ఇవాళ తేల్చకపోతే వేరేచోట ఖాయం చేసుకుంటామండీ," అంది ఆవిడ.

"వచ్చే నెల మార్కెట్ లేస్తుందమ్మా," అన్నాడు బావమరిది.

"అదెప్పుడు లేస్తుందో గానీ, మేం మాత్రం తెల్లవారుజామునే లేవాలండీ."

చేతులు కడుక్కుంటున్న బావ పగలబడి నవ్వాడు. దంపతులు బయట అరుగు మీద కూర్చున్నారు.

"నవ్వుతారేం బావా? అక్క పంపిందా?"

"మీ అక్క పంపితే నవ్వి ఊరుకుంటానట్రా? ఇలా ధర పట్టుకుని కూర్చున్నవాడికి నువ్వేం చెప్తావు?"

"తగ్గమంటాను."

"మరి?"

బావమరిది గోడమీది గీతను చూశాడు. తర్వాత లేచి వెళ్లి, వాళ్లు చెప్పిన ధరకే సరేనన్నాడు.

సాయంత్రం బావ ఆఫీసు ముందరి బోర్డును పీకి గోడకు ఆనించాడు. సుత్తిని బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగాడు. దాన్ని మళ్లీ తీసుకోమని ఎవరూ అనలేదు. బావమరిది వెనకే వచ్చి, బోర్డు పీకిన గుంతలోకి కాలితో మన్ను తోస్తూ నిలబడ్డాడు.

"వచ్చే నెల, వచ్చే నెల అని మిమ్మల్ని ఊరికే తిప్పాను బావా. నాదే తప్పు."