ముడి రవిక

గురువారం పొద్దున్న పాపకి పాలిచ్చి ఉయ్యాలలో వేసి, తాయారు మంచం కిందకి వంగి చూసింది. ట్రంకుపెట్టె లేదు. గది నాలుగు మూలలూ వెతికింది. అదేమీ సూది కాదు కదా కనబడకపోవడానికి. లేదంటే లేదు, అంతే.

"అత్తా, నా పెట్టేదీ?"

పెరట్లో పిడకలు చరుస్తున్న అసిరమ్మ తల తిప్పలేదు. "ఏ పెట్టి?"

"ఆఫీసు కోకలున్న పెట్టి."

"అదా. పురుడెల్లిన నాడే గురమ్మకిచ్చీసినాను."

పురుటి గదిలో గుడ్డలన్నీ మైలవేననీ, అవి చాకలికి చెందాలనీ ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. చాకలి గురమ్మకీ తెలుసు. కానీ తాయారు పెట్టె ఆ గదిలోకి పురుడు కోసం రాలేదు. పడమటింట్లో చూరు కారుతోందని ఎవరో దాన్ని అక్కడికి జరిపారు. అందులోని ఐదు చీరలూ, ఆరు జాకెట్లూ బాలింత ఒంటిని తాకనేలేదు.

"మూతేసున్న పెట్టికి మైలేటత్తా?"

"మూతేస్తే మైలకి దారి తెలీదేటి?"

గురమ్మని అడిగితే తిరిగిచ్చేదే. కానీ మైలకిచ్చిన చీరలు మళ్ళీ తెచ్చి కట్టుకున్న కోడలని తరతరాలూ చెప్పుకుంటారు. పైగా అందులో రెండు చీరలు అప్పుడే గురమ్మ కూతురి వెంట అత్తారింటికి వెళ్ళిపోయాయి.

తాయారుకి ఉన్నది మూడు రోజులు. ఆదివారంతో మూడు నెలల ప్రసూతి సెలవు సరి. గజపతినగరంలో ఒక ఆఫీసులో ఆమె టైపిస్టు. టెంపరరీ పోస్టు. సోమవారం పది గంటలకి రిజిస్టర్లో సంతకం పడకపోతే, ఆమె బదులు కూర్చున్న మనిషి ఆ కుర్చీలోనే ఉండిపోతాడు. తాయారు తల్లి లేని పిల్ల. విజయనగరంలో మేనమామ ఇంట్లో అందరి తిళ్ళూ అయ్యాక అంట్లు తోమి, ఆ తరవాత చదువుకుని, టైపు హయ్యరు ప్యాసయింది. తన పెళ్ళీ, ఇల్లూ, చివరికి పుట్టిన పిల్ల ముక్కు కూడా వేరేవాళ్ళ పుణ్యమని అందరూ చెబుతూనే ఉంటారు. ఉద్యోగం ఒక్కటే ఆమెకి ఎవరూ పెట్టనిది.

"మానీ," అంది అసిరమ్మ. "పాల పిల్లనొగ్గేసి ఎల్తావేటి? ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తే ఊసేస్తన్నాది. ఏడిస్తే నానేటి సెయ్యను?"

"మధ్యాన్నం ఓపాలి ఆఫీసుకి తీసుకొచ్చీ అత్తా. పాలిచ్చి పంపేస్తాను. రెండు మైళ్ళే కదా."

"ఆ ఊరు నానెల్లను."

"ఎందుకెల్లవు?"

"నాకేటి పనక్కడ?"

ఈ ఉద్యోగం గొడవ మీద రాయగడలో ఉద్యోగం చేస్తున్న మొగుడు జగన్నాధానికి తాయారు పది రోజుల కిందటే ఉత్తరం రాసింది. ఆయన రెండు కార్డులు పంపాడు. 'అమ్మ ఎలా అంటే అలా చెయ్యి' అని పెళ్ళానికి. 'తాయారు ఎలా అంటే అలా కానీ' అని తల్లికి. అసిరమ్మకి చదువు రాదు కాబట్టి రెండూ తాయారే చదివింది. చదివి, రెండూ పొయ్యిలో పెట్టింది.

గురువారం మధ్యాహ్నమే బట్టల కొట్టుకి వెళ్ళింది. వానాకాలం. ఒకటి ఒంటి మీద, ఒకటి నీళ్ళలో, ఒకటి దండెం మీద ఉండాలి. అంటే మూడు చీరలు, మూడు జాకెట్లు. ఇంట్లో కట్టే వాటిలో ఒకటి పరవాలేదు, ఇంకో రెండు చాలు. కొట్టతను నైలాన్ చీరలు గుట్టగా పోశాడు. విజయనగరంలో అందరూ ఇవే కడుతున్నారన్నాడు. విజయనగరంలో అందరికీ మూడు నెలల పిల్లలున్నారా అని తాయారు అడిగింది. నైలాన్‌కి చెమట ఆరదు, పాలు పీల్చదు. బూడిదరంగు నేతచీర ఒకటి, ముదురాకుపచ్చది ఒకటి తీసింది. జాకెట్లకి మాత్రం మూడింటికీ ఒకే గుడ్డ, కాఫీపొడి రంగు. ఏ చీర మీదకైనా పోతుంది, పాల మరక కనబడదు. ఇంత తెలివిగా ఆలోచించినందుకు ఆమెకి ఆ వారంలో మొదటిసారి సంతోషం కలిగింది.

ఆ సంతోషం కూర్మయ్య గుమ్మం దాకానే.

దర్జీ కూర్మయ్య మిషను సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. గుడ్డ ఎవరు తెచ్చినా, కొలత ఎవరు ఇచ్చినా, చివరికి తొడుక్కోబోయే మనిషికే అది కుడుతుంది. గణపతిరావు గారు తనకని ఇచ్చిన చొక్కా గుడ్డ ఆరడుగుల మనిషి కొలతకి వచ్చింది. ఆయన ఐదడుగులుంటే గొప్ప. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, అప్పటికి కూతురికి సంబంధమే చూడలేదు. ఆయన ఆ చొక్కా చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి, అది సరిపోయినవాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నాడు. ఈ విషయంలో కూర్మయ్య మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదల్లా చెప్పిన రోజుకి ఇవ్వడనే.

"మూడూ నావే," అంది తాయారు. "చేతులు వదులుగా ఉండాలి, టైపు కొట్టాలి. హుక్కులు ముందుకి, పిల్లకి పాలియ్యాలి. శనారానికి కావాలి. మూడూ నావే, తెలిసిందా?"

"నాకు తెలిసిందమ్మా," అన్నాడు కూర్మయ్య టేపు మెడలో వేసుకుంటూ. "మిషనికి సెప్పుకోవాల."

శనివారం సాయంత్రం ఇచ్చాడు. రెండు జాకెట్లు అక్కడే తెర వెనక తొడిగి చూసుకుంది. చేతికి చెయ్యి, హుక్కుకి హుక్కు. మూడోది విప్పి చూసి నోరు తెరిచింది. అది జాకెట్టే కాదు. హుక్కులు లేవు. ముందు రెండు కొసలూ పట్టి ముడివేసుకునే పాతకాలం రవిక.

"ఇదేటిది?"

"ముడి రవిక."

"అది కనబడతాంది. నాను మూడు జాకెట్లు సెప్పినాను కదా!"

"నానూ మూడే కత్తిరించినానమ్మా. మిషనెక్కినాక నా సేతిలో ఏటున్నాది?"

గోరుచుట్టు మీద రోకటిపోటు. వానాకాలం రెండు జాకెట్లతో ఎలా నెట్టుకురావాలో తిట్టుకుంటూ ఇంటికొచ్చి, ఆ రవికని విసురుగా దండెం మీద పడేసింది.

దాన్ని మొదట చూసింది ఎదురింటి తాతమ్మ. చూడగానే అది ఎవరి కొలతో పట్టేసింది. "ఓలమ్మ, అసిరమ్మా! ఎక్కడికే పయానం?"

ఆ ఊళ్ళో ముసలివాళ్ళెవరూ రవిక తొడగరు. పెరట్లో, చేలో, నూతి దగ్గర ముతక కోక చుట్టుకుంటే చాలు. రవిక అంటే ఊరు దాటడమే. అసిరమ్మ ఒంటిమీద అరవై ఏళ్ళలో అది పడలేదు.

"నానెక్కడికీ ఎల్లను," అంది అసిరమ్మ. "అది నాది కాదు."

ఆదివారమంతా ఆమె మిషనుతో పోట్లాడింది. రవికని గురమ్మకిచ్చింది. గురమ్మ చెయ్యి మోచేతి దగ్గర ఇరుక్కుపోయింది. తాతమ్మకి తొడిగింది. అందులో ఇంకో తాతమ్మ పట్టేంత చోటు మిగిలింది. వీధిలో ఉన్న ఆడవాళ్ళందరికీ అయ్యాక దాన్ని తెచ్చి మళ్ళీ దండెం మీద వేసి, "ఎదవ మిషను," అని కోడలి మీద కేకలేసింది. మిషను అత్తే కనిపెట్టినట్టు తాయారు కూడా తిరిగి కేకలేసింది.

సోమవారం వాన. తాయారు బూడిదరంగు చీర కట్టి, కొత్త జాకెట్టు తొడిగి, పాపని ఒళ్ళో వేసుకుని ఆఖరిసారి ఉగ్గుగిన్నె పెట్టింది. పాప ఆవుపాలు మూడుసార్లు మింగినట్టే మింగి, జాకెట్టు మీద ఉమ్మేసి, ఊపిరి బిగబట్టి ఏడ్చింది. మరక నిజంగానే కనబడలేదు. అదే చూస్తూ తాయారు గిన్నె పక్కన పెట్టేసింది.

"నానెల్లనత్తా," అంది. "నువ్వే గెలిసినావు. పో, అందరికీ సెప్పుకో. నాకింక ఓపిక లేదు." అని ముక్కు చీదుకుంటూ పిల్లతో సమానంగా ఏడ్చింది.

అసిరమ్మ కోడల్నీ మనవరాల్నీ కాసేపు చూసింది. లోపలికి వెళ్ళింది. బయటికొచ్చేసరికి రవిక చేతులకి ఎక్కించి ఉంది. ముందు కొసలు రెండూ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ముడెయ్యడం రాదే నాకు," అంది. "బేగి రా. బస్సెల్లిపోతాది."

తాయారు ముడి వేసింది. రవిక ఒంటికి అతికినట్టు సరిపోయింది.

పదికి ఐదు నిమిషాలుందనగా ఆఫీసు వసారా దూలానికి అసిరమ్మ పాత కోకతో ఉయ్యాల కట్టింది. హెడ్ గుమాస్తా నారాయణమూర్తి కళ్ళజోడు పైకెత్తి, "ఇది ఆఫీసా, పురుటిల్లా?" అన్నాడు.

"ఆపీసే బాబూ. నిన్నూ ఓ అమ్మ ఊపింది కదేటి. నీ కాయితాలు నువ్ సూసుకో," అంది అసిరమ్మ. ఆయన కాగితాలు చూసుకున్నాడు. తాయారు సంతకం చేసింది.

మధ్యాహ్నం గోడవారన పిల్లకి పాలిస్తూ తాయారు అడిగింది. "ఈ ఊరు ఎల్లనన్నావు. ఎందుకత్తా?"

అసిరమ్మ రోడ్డుకేసి చూస్తోంది. "పెళ్ళయిన కొత్తల్లో వచ్చినాను. మీ మావ తెచ్చినాడు. బట్టల కొట్టుకాడ కుర్రోళ్ళు నన్ను సూసి నవ్వినారు, రవిక లేదని." కొత్త రవిక ముడి సవరించుకుంది. "మీ మావా నవ్వినాడు. మరింక రానేదు."

తాయారు జాకెట్టు హుక్కులు పెట్టుకుంది. పిల్లని భుజాన వేసుకుని, రెండో చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా వాళ్ళిద్దరూ అలా కూర్చుని ఎరగరు.

ఐదు గంటలకి వాన వెలిసింది. బస్సు వచ్చి ఆగింది. తాయారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మెట్టెక్కబోతుంటే, వెనకనుంచి అసిరమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"ఈ బస్సు పోనీయే," అంది. "నలభై ఏళ్ళయింది. ఊరు సూసెల్దాం."